సామాను యొద్ద నిలిచినవారి భాగము

చదువవలసిన వాక్యభాగములు: 1 సమూయేలు 30:1–25, రూతు 4:13–17, మార్కు 7:9–13, 1 తిమోతి 5:3–16.



పత్తి తీతలు ముగియకముందే మన మెట్ట పల్లెలలో మిరపకోతలు వచ్చిపడును. ఆ నాలుగైదు నెలలు గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాలలో తెల్లవారుసరికి వీధులు ఖాళీ అగును. నడువగలిగిన ప్రతివారును చేనికి పోవుదురు. ఊరిలో మిగులువారెవరు? పసిపిల్లలు, ముసలివారు, మంచము పట్టినవారు. వారిని కనిపెట్టుకొని యుండుటకు ఆగిపోయిన ఒక కోడలు, ఒక పెద్దకూతురు, ఒక నాయనమ్మ. సాయంకాలము కూలి పంచునప్పుడు ఈ ఆగిపోయినవారి పేరు మేస్త్రి పుస్తకములో ఉండదు. ఈ నెల పాఠము వారినిగూర్చియే.

మొదట దావీదు కథను చూతము. అతడును అతని ఆరువందల మందియు మూడవ దినమున సిక్లగు చేరునప్పటికి ఊరు కాలి యున్నది. అమాలేకీయులు స్త్రీలను పిల్లలను చెరపట్టుకొని పోయిరి. వారిని తరుముచు బెసోరు వాగు వరకు పోగా, రెండువందలమంది అలసటచేత వాగు దాటలేకపోయిరి. దావీదు సామానును వారి యొద్ద విడిచి, తక్కిన నాలుగువందలమందితో ముందునకు సాగెను. దారిలో ఒక పొలమునందు ఐగుప్తీయుడొకడు పడియుండెను. వాడు ఒక అమాలేకీయుని దాసుడు. మూడు దినముల క్రిందట వాడు జబ్బుపడగా యజమానుడు వానిని ఆ పొలముననే వదలి తన దారిని తాను పోయెను. అప్పటినుండి వానికి అన్నము లేదు, నీళ్లు లేవు. దావీదు మనుష్యులు వానికి రొట్టెయు నీళ్లును, అంజూరపు పండ్లును ఎండుద్రాక్షలును పెట్టగా వాడు తేరుకొని శత్రువుల జాడ చూపెను. చెరపట్టబడినవారందరు విడిపింపబడిరి, కొల్లసొమ్మును విస్తారముగా దొరకెను. తిరిగి వాగు యొద్దకు వచ్చినప్పుడు తగవు పుట్టినది. వెనుక నిలిచినవారికి వారి భార్యాబిడ్డలను అప్పగించి పంపివేయవలెనే గాని సొమ్ములో పాలు ఇయ్యరాదని కొందరు పట్టుపట్టిరి. దావీదు ఒప్పుకొనలేదు. పోరాడినవానికెంతో నిలిచినవానికి నంతే అని తీర్పుచేసి, దానిని ఇశ్రాయేలీయులకు కట్టడగా ఏర్పరచెను.

ఈ అధ్యాయమును మనము జయమునుగూర్చి ప్రసంగించుటకే ఎక్కువగా వాడుకొందుము. అయితే దాని నడుమ నున్న రెండు సంగతులను దాటిపోవుచున్నాము. ఒక యజమానునికి బరువుగా తోచిన రోగి, మరియొకరి చేతి ముద్దతో దారిచూపువాడయ్యెను. ఇది మొదటిది. రెండవది, దావీదు వెనుక నిలిచినవారికి దయతలచి కొంత ఇత్తమని చెప్పలేదు, ధర్మము వేయలేదు, అది వారి హక్కు అని చట్టము చేసెను. ఆ రెండువందలమంది రోగులకు పరిచర్య చేసినవారు కారు, తామే అలసినవారు గదా అని ఎవరైన అడ్డుచెప్పవచ్చును. నిజమే. ఇంటియందు పరిచర్య చేయువారు ఆ రెండును అయియున్నారు: ఆగిపోయినవారును వారే, అలసిపోయినవారును వారే.

పరిచర్య అను మాటనే చూడుడి. అయ్యగారు ప్రభువు బల్లయొద్ద చేయునది పరిచర్య. కోడలు అత్తగారి మలమూత్రములెత్తి, బట్టలుతికి, నోటికి గంజి అందించునదియు పరిచర్యయే. మన భాష ఈ రెంటికిని ఒకే పేరు పెట్టినది. మన సంఘములు మాత్రము మొదటిదానికి దండవేసి ఛాయాచిత్రము తీయించును, రెండవదానిని అడుగనైన అడుగవు.

లెక్కించుట ఆలస్యముగా మొదలైనది

ఇంటిలోని ఈ పనిని ఎవరును చాలకాలము లెక్కింపలేదు. పొలములో ఎన్ని క్వింటాళ్లు పండెనో, యార్డుకు ఎన్ని టిక్కీల మిర్చి వచ్చెనో లెక్కయున్నది. ఒక ముసలితండ్రిని సంవత్సరములో ఎన్నిమార్లు లేపి కూర్చుండబెట్టిరో లెక్క లేదు. 2019లో భారత ప్రభుత్వపు గణాంకశాఖవారు దేశమంతట ఇంటింటికిపోయి, మనుష్యులు దినములోని 24 గంటలను ఎట్లు గడుపుచున్నారో వ్రాసికొనిరి. 2024లో మరల అట్లే చేసిరి. ఆ రెండవ లెక్కలో, 15 మొదలు 59 ఏండ్లవారిని చూడగా, ఇంటిలోని పిల్లలను, పెద్దలను, రోగులను చూచుకొను పనిలో నూటికి 41 మంది స్త్రీలు దినమున ఎంతోకొంత కాలము గడపిరి. పురుషులు నూటికి 21 మందియే. ఆ పని చేసిన స్త్రీకి దినమునకు 140 నిమిషములు పట్టెను, పురుషునికి 74. ఇది వంట, నీళ్లు, అంట్లు, బట్టలు కాక. ఈ లెక్కలో చేరని కాలము కూడ కలదని మా తలంపు. మంచముమీది ముసలమ్మ దగ్గు వినబడునేమోయని ఒక చెవి అటువేసి పడుకొన్న కోడలి రాత్రిని ఏ లెక్కలో వ్రాయవలెను? అది నిద్ర క్రిందనే పడిపోవును.

1998లో మన దక్షిణదేశమందలి కొచ్చిలో కొందరు వైద్యులును పరిశోధకులును కూడిరి. ముసలితనమున మతి చెడిపోవు వ్యాధిగలవారిలో నూటికి 66 మంది బీదదేశములలో నుండగా, ఆ వ్యాధినిగూర్చిన పరిశోధనలో నూటికి 10 వంతులైనను ఆ దేశములలో జరుగుటలేదని వారు గుర్తించి, తమ గుంపునకు ఆ రెండు అంకెలనే పేరుగా పెట్టుకొనిరి: పది బై అరువదియారు. ఈ గుంపువారు ఇండియా, చైనా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా మొదలైన చోట్ల 24 కేంద్రములలో ఇట్టి రోగుల ఇండ్లకు పోయి, కనిపెట్టుకొనియున్నవారిని ప్రశ్నించి, 2004లో ఫలితములను ప్రకటించిరి. కనిపెట్టుకొనియున్నవారిలో ఎక్కువమంది స్త్రీలే. ఆయా చోట్ల నాలుగవ వంతు మొదలు సగమువరకు ఇండ్లలో పసిపిల్లలును ఉండిరి. అనగా ఒక చేత బిడ్డ, ఒక చేత ముసలివారు. చాలమంది తమ కూలిపనిని తగ్గించుకొనవలసి వచ్చెను.

వారు కనుగొనిన మరియొక సంగతి మనకు కొంచెము కష్టముగానే యుండును. మాది ఉమ్మడి కుటుంబము, తెల్లవారివలె పెద్దలను ఆశ్రమములలో పడవేయము, మాయొద్ద ఆ బాధ లేదు అని మనము గొప్ప చెప్పుకొందుము గదా? పదిమంది ఉన్న ఇంటిలో బరువు కొంత తేలికయగుట నిజమేనని వారు చూచిరి. అయినను మొత్తముమీద మనవంటి దేశములలో పరిచర్య చేయువారి మనోభారము ధనిక దేశములలోకంటె ఏమియు తక్కువగా లేదు. ఇల్లు పెద్దదైనంత మాత్రమున చేతులు కలియవు. పదిమందియు చూచుచుందురు, ఎత్తునది ఒక్కతెయే.

మన ఇండ్లును ఇప్పుడు పూర్వమువలె పెద్దవి కావు. 1992–93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019–21నాటి సర్వేలో మన రాష్ట్రములో 1.7. ఆ ఒకరిద్దరిలో ఒకరు హైదరాబాదులో తాపీపనికి, ఒకరు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉద్యోగమునకు. బేత్లెహేము స్త్రీలు నయోమితో ఆమె కోడలు ఏడుగురు కుమారులకంటె మేలని చెప్పిరి. నేడు ఏడుగురు కుమారులు ఎవరికున్నారు? ఆ కోడలు ఒక్కతెయే మిగిలియున్నది.

భారమువలన శరీరమునకు ఏమగునో కూడ పరిశోధించిరి. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయములో జానిస్ కీకోల్ట్ గ్లేసర్ అను ఆమెయు, ఆమెతోటివారును 1995లో ప్రకటించిన ఒక పరీక్షను మన చేను మనుష్యులు సులభముగా గ్రహింతురు. మతి చెడిన తమవారిని ఇంటిలో చూచుకొనుచున్న 13 మంది స్త్రీలను, వారి యీడువారే అట్టి భారము లేనివారిని 13 మందిని పిలిచి, అందరి చేతిమీదను ఒకే కొలతగా చిన్నగాయము చేసిరి. భారము లేనివారి గాయము సగటున 39 దినములలో మానెను. పరిచర్య చేయుచున్నవారి గాయము మానుటకు దాదాపు 49 దినములు పట్టెను. మనస్సులోని అలసట చర్మమునకును తెలియును. కొడవలి తెగిన వ్రేలు ఎన్నాళ్లకును మానని తల్లిని చూచి షుగరు పరీక్ష చేయించుట మంచిదే. ఆమె రాత్రులు నిద్రించుచున్నదా యని అడుగుటయు మంచిది.

1999లో రిచర్డు షుల్జ్, స్కాట్ బీచ్ అను ఇద్దరు పరిశోధకులు మరియొక సంగతిని ప్రకటించిరి. 66 ఏండ్లు మొదలు 96 ఏండ్లవరకుగల భార్యాభర్తలను నాలుగేండ్లు గమనింపగా, రోగియైన జోడును చూచుకొనుచు దానివలన కృశించినవారిలో మరణాపాయము, అట్టి పని లేనివారికంటె నూటికి 63 వంతులు అధికముగా నుండెను. ఈ మాట విని భయపడి పరిచర్య మానుకొనవలసిన పనిలేదు. అదే పరిశోధనలో, పరిచర్య చేయుచున్నను కృశింపనివారికి అట్టి అపాయము కనబడలేదు. 2013లో డేవిడ్ రాత్ అను ఆయనయు ఆయనతోటివారును 3,500 మంది ఇట్టివారిని లెక్కించి చూడగా, మొత్తముమీద వారు ఇతరులకంటె ఎక్కువకాలమే బ్రదుకుచున్నట్లు తేలెను. కాబట్టి చంపునది పరిచర్య కాదు. చేయి మార్చువారు లేక, తెరపి లేక, చూచి అడుగు దిక్కులేక ఒంటరిగా మోయుట మనిషిని తినివేయును. మోషే చేతులు ప్రొద్దుగ్రుంకువరకు నిలుచుటకు అహరోను ఒక ప్రక్కను హూరు ఒక ప్రక్కను కావలసివచ్చిరి. ఆ బరువు మోషేకే ఎక్కువైనప్పుడు మన పల్లెకోడలి సంగతి చెప్పవలెనా?

పిల్లలను ఎత్తుకొనియున్న పిల్లలు

పరిచర్య చేయువారనగానే పెద్దవారినే తలంతుము. పది పండ్రెండేండ్ల పిల్లలును వారిలో నున్నారు. 2002లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు నాలుగు దేశములలో బీదపిల్లల జీవితమును ఏండ్లతరబడి వెంబడించి చూచు పరిశోధనను ప్రారంభించిరి. దాని పేరు యంగ్ లైవ్స్. ఆ నాలుగింటిలో మన దేశమొకటి. మన దేశములో వారు ఎన్నుకొనినది ఉమ్మడి ఆంధ్రప్రదేశము. శ్రీకాకుళము, పశ్చిమగోదావరి, కడప, అనంతపురము, మహబూబ్‌నగరు, కరీంనగరు, హైదరాబాదు జిల్లాలలో దాదాపు 3,000 మంది పిల్లలను ఎన్నుకొనిరి. వారిలో 2,000 మంది ఆ కాలమున ఏడాది బిడ్డలు, 1,000 మంది ఎనిమిదేండ్లవారు. కొన్నేండ్లకొకసారి పోయి వారి చదువు, తిండి, పనులను అడిగి వ్రాసికొనిరి. దినములో ఎన్ని గంటలు తమ్ముళ్లను, చెల్లెండ్రను, రోగులను చూచుచున్నావని పిల్లలనే అడుగుట వారి ప్రశ్నలలో నొకటి. ఈడు పెరిగినకొలది ఇంటిపనియు, కనిపెట్టుకొను పనియు ఆడపిల్లలమీదనే ఎక్కువ పడుచున్నట్లు తేలినది. మనకిది వింత కాదు. మిరపకోతలప్పుడు మన ఊరి బడిలో ఏ బల్లలు ఖాళీయగునో ఉపాధ్యాయుని అడిగినయెడల చెప్పును.

తల్లిని తప్పుపట్టుటకు ఈ మాట వ్రాయుటలేదు. మిరపకాయ కోసిన చేతితో చంటిబిడ్డను ముట్టుకొనలేము. చేయి ఎన్నిసార్లు కడిగినను ఆ మంట పోదు. చేని గట్టున చీర ఉయ్యాల కట్టి, ఏడేండ్ల పిల్లను కాపలా పెట్టి ఆమె సాలులోనికి దిగుచున్నది. దిగకపోయినయెడల రాత్రికి బియ్యము లేవు.

మన చేలకు వచ్చు వలసకూలీలనుగూర్చి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. కర్నూలు జిల్లా పడమటి భాగమునుండి, కోసిగి, మంత్రాలయము, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి వర్షములు లేని కాలమున వేలమంది పత్తికిని మిర్చికిని గుంటూరు సీమకు వత్తురు. కొందరు పిల్లలను వెంట తెత్తురు. కొందరు ముసలితల్లిదండ్రుల యొద్ద విడిచి వత్తురు. వలసకాలమున అట్టి పిల్లలకొరకు ఆ జిల్లాలో ప్రభుత్వము సీజనల్ హాస్టళ్లను తెరచుచు వచ్చినది. అందరును వాటిలో పట్టరు. విడిచివచ్చిన ఇంటిలో డెబ్బది యేండ్ల అవ్వ ముగ్గురు మనుమలను సాకుచు, ఆ మనుమరాండ్రలో పెద్దది అవ్వను సాకుచు నుండును. ఎవరు ఎవరికి పరిచర్య చేయుచున్నారో తెలియదు. వెంట తెచ్చిన పిల్లలు మన గట్లమీద, మన గుడిగోడ నీడనే ఆడుకొనుచుందురు. మన సంఘపు పట్టీలో వారి పేర్లు లేవు. పొలములో దొరకిన ఐగుప్తీయుని పేరును దావీదు దండు పట్టీలో లేదు.

నయోమిని గూర్చియు తలంచుడి. రూతు కనిన బిడ్డను నయోమి రొమ్మున చేర్చుకొని దాదియయ్యెనని వాక్యము చెప్పుచున్నది. పరిచర్య పొందవలసిన ముసలితనమున ఆమెయే పరిచర్య చేయుటకు మొదలుపెట్టెను. ఇది దీవెనగానే వ్రాయబడియున్నది, దీవెనయే. అమ్మమ్మ ఉన్న ఇంట పసిబిడ్డలు బ్రదికి బట్టకట్టుట ఎక్కువయని, లోకమందలి అనేక జాతులనుగూర్చిన పరిశోధనలను పోల్చి 2008లో రెబెకా సియర్, రూత్ మేస్ అను ఇద్దరు స్త్రీలు వ్రాసిరి. కానుపునకు బిడ్డను పుట్టింటికి పంపు మన ఆచారమునకు అర్థము లేకపోలేదు. అయితే బేత్లెహేములో నయోమి చుట్టు ఇరుగుపొరుగు స్త్రీలుండిరి, బిడ్డకు పేరుకూడ వారే పెట్టిరి. మన అవ్వ చుట్టు ఎవరున్నారు?

కొర్బాను

మార్కు 7వ అధ్యాయమున ప్రభువు పరిసయ్యులతో తీక్షణముగా మాటలాడెను. తలిదండ్రులకు ఉపయోగపడవలసిన సొమ్మును కొర్బాను, అనగా దేవునికి అర్పితము, అని చెప్పి కొందరు చేతులు దులుపుకొనుచుండిరి. దేవుని పేరుచెప్పి దేవుని ఆజ్ఞను రద్దుచేయుట ఇదియే అని ఆయన వారిని గద్దించెను. ఈ వాక్యమును మనము యూదులను తీర్పుతీర్చుటకే చదివినయెడల మనకేమి లాభము? గుడి శిఖరమునకు, మైకుసెట్టుకు, కన్వెన్షను పందిలికి వేలకువేలు చందా వ్రాసి పేరు చదివించుకొన్నవాని తల్లి, వసారాలో చినిగిన చాపమీద పడియుండుట మనలో లేదా? ఆ చందాను పుచ్చుకొని రసీదు ఇచ్చిన సంఘమునకు ఈ వాక్యములో ఏమియు వర్తింపదా? వర్తించునని మేము తలంచుచున్నాము.

పౌలు తిమోతికి వ్రాసినదియు అట్లే సూటిగా నున్నది. భక్తిని మొదట ఇంటిలో నేర్చుకొనవలెననియు, స్వకీయులను చూడనివాడు అవిశ్వాసికంటె చెడ్డవాడనియు ఆయన భావము. అయితే ఆ అధ్యాయము కుటుంబమును గద్దించి ఊరకుండలేదు. దిక్కులేని విధవరాండ్రను సంఘమే భరింపవలెననియు, అందునకు సంఘమునకు శక్తి మిగులవలెననియు చెప్పుచున్నది. ఇల్లు చేయవలసినది ఇల్లు చేయవలెను, ఇంటికి మించినది సంఘము చేయవలెను. మన కూటములలో మొదటి సగమునే వినుచున్నాము.

ఏమి చేయవచ్చును

1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ స్త్రీలకును పిల్లలకును వైద్యముచేసి, 1898లో ఆసుపత్రి తెరచిన సంగతి మన పెద్దలు చెప్పగా వింటిమి. అట్టి పరిచర్యకు మనము ఋణపడియున్నాము. కాని ఆసుపత్రి పదిదినములలో పంపివేయును, పక్షవాతము పదియేండ్లుండును. ఆ పదియేండ్ల పని ఇంటిదే. కనుక ఇంటిలోనివారికి సహాయము కావలెను.

ఇది సాధ్యమేనా? గోవాలో చేసి చూచిరి. మతి చెడిన పెద్దలున్న 81 కుటుంబములను తీసికొని, వారిలో 41 కుటుంబములకు వెంటనే సహాయము ప్రారంభించిరి. ఇండ్లకు పంపబడినవారు వైద్యులు కారు. ఆ ప్రాంతపువారే, స్వల్పముగా తర్ఫీదు పొందినవారు. వారు ఆరునెలలు మరల మరల పోయి, ఈ వ్యాధి ఎట్టిదో వివరించిరి, రోగి మొండితనము కావలెనని చేయునది కాదని తెలిపిరి, ఇంటిదాని మాట ఓపికగా వినిరి, ప్రభుత్వ సహాయములను చూపించిరి. 2008లో ప్రకటించిన ఫలితములలో, సహాయము పొందిన ఇండ్లలో కనిపెట్టుకొనియున్నవారి మనస్సులు కుదుటపడినట్లు కనబడెను. మన సంఘములలో బైబిలు స్త్రీలున్నారు. ఇంటింటికి నడచుట వారికి క్రొత్త కాదు. ఒక నర్సమ్మచేత రెండు దినములు వారికి నేర్పించినయెడల, మంచముపట్టినవారిని రెండేసి గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పుట, వీపున పుండు పడకమునుపే ఎఱ్ఱదనమును గుర్తించుట, మ్రింగలేనివారికి తల ఎత్తిపెట్టి కొంచెముకొంచెముగా పోయుట వారు ఇంకొకరికి నేర్పగలరు. ఇంటిలోని మగవారికిని నేర్పవలెను. బస్తా ఎత్తగలిగిన చేతులు తండ్రిని ఎత్తలేవా?

పిల్లల సంగతి. 2005లో పార్లమెంటు చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టములో ఒక మంచి మాట వ్రాసిరి. పనిచోటికి ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురైనను అంతకు మించియైనను వచ్చినయెడల, కూలికి వచ్చిన స్త్రీలలో ఒకరిని వారిని చూచుటకు నియమించి, ఆమెకును కూలి కట్టియియ్యవలెను. ఈ యేర్పాటునకు ప్రభుత్వముకొరకు కాచుకొని యుండనక్కరలేదు. ఇరువదిమంది కోతముఠాలో ఒకతె నీడపట్టున పిల్లలను చూచును. తక్కిన పందొమ్మిదిమందియు తమ కూలిలో కొంచెము తీసి ఆమె కూలి నింపుదురు. అప్పుడు ఏడేండ్ల పిల్ల బడికి పోవచ్చును. బిడ్డను పాలిచ్చి పెంచుటకు జీతమిచ్చిన మొదటి యజమానురాలిని నిర్గమకాండము 2వ అధ్యాయములో చూతుము. ఆమె ఫరో కుమార్తె. జీతము పుచ్చుకొన్నది ఆ బిడ్డ కన్నతల్లియే.

ప్రభుత్వ సహాయములనుగూర్చి క్లుప్తముగా చెప్పుదుము. మన రాష్ట్రములో 2024 జూలైనుండి ఎన్టీఆర్ భరోసాక్రింద వృద్ధులకును విధవరాండ్రకును నెలకు 4,000 రూపాయలు, పక్షవాతముచేత మంచముననో చక్రాలకుర్చీలోనో నున్నవారికి 15,000 రూపాయలు ఏర్పరచిరి. ఈ రెండవదానిని ఎరుగక మొదటిదానితోనే సరిపెట్టుకొనుచున్న ఇండ్లు మీ ఊరిలో ఉన్నవేమో విచారింపుడి. ధ్రువపత్రమునకై ఆసుపత్రికి తీసికొనిపోవుటకు ఒక మనిషి తోడు కావలెను, అది సంఘపు యౌవనస్థులు చేయవచ్చును. పిల్లలు చూడని తలిదండ్రులకు 2007నాటి చట్టము కలదు, ఆర్.డి.ఓ. గారి యొద్ద అర్జీ పెట్టుకొనవచ్చును. వృద్ధుల సహాయమునకు 14567, పిల్లల సహాయమునకు 1098 అను ఫోను నంబర్లు కలవు. ఇవన్నియు రోగికి, వృద్ధులకు, పిల్లలకు. కనిపెట్టుకొనియున్నవారికి ఏమి? కేరళలో ఆశ్వాసకిరణము అను పథకముతో మంచముపట్టినవారిని చూచుకొనువారికి నెలకు 600 రూపాయలు నియమించిరి. మొత్తము కొంచెమే, దాని వెనుకనున్న తలంపు దావీదు కట్టడకు దగ్గరగా నున్నది.

ఇప్పుడు కోతపండుగ సంగతి. ఆ ఆదివారమున ప్రతివారు కానుక తెచ్చి బల్లయొద్ద పెట్టుదురు. ఏడాదియంతయు అత్తగారి మంచమును విడువక, ఒక్క దినమైనను కూలికి పోలేని కోడలు వట్టిచేతులతో వచ్చుటకు సిగ్గుపడి ఇంటనే ఆగును. చాలకాలముగా గుడికి రానందున ఆమె పేరును ప్రక్కన వ్రాసియుంచిన సంఘములును ఉన్నవి. మేము కోరునదేమనగా, ఈ యేటి కోతపండుగ కానుకలలో ఒక భాగమును సామాను యొద్ద నిలిచినవారి భాగమని విడిగా తీసి, అట్టి ఇండ్లకు సంఘపెద్దలే స్వయముగా తీసికొనిపోవలెను. బీదలకిచ్చు ధర్మము పద్దులో దానిని వ్రాయకుడి. ఆ దినమున ఆమె గుడికి వచ్చుటకు వీలుగా ఇద్దరు ఆ మంచముయొద్ద కూర్చుండవలెను; ఆ ఇద్దరిలో ఒకరు మగవారై యుండుట మంచిది.

స్త్రీల సమాజమువారు వచ్చే నెల కూటమునకు ముందు ఊరిలోని ఇండ్లను చుట్టిరావలెను. రోగి ఎట్లున్నాడని ఎల్లప్పుడు అడుగుదుము. ఈసారి గడప దగ్గర నిలుచున్నదానిని అడుగవలెను: అమ్మా, నీవెట్లున్నావు? రాత్రి నిద్రపట్టుచున్నదా? కడపట నీవు పుట్టింటికి పోయివచ్చి ఎన్నాళ్లయినది? నీవు జబ్బుపడిన దినమున ఈ మంచము ఎవరు చూతురు? ఈ ఇంటిలో పిల్లను బడి మానిపించితిరా? ఆమె చెప్పినదానిని కాగితముమీద వ్రాసికొని కూటమునకు తీసికొనిరావలెను. ఎన్ని ఇండ్లు, ఏ ఇంటికి ఏ దినమున ఎవరు పోయెదరు అనునది ఆ కూటములోనే పేర్లతో నిర్ణయించి, ఆ పట్టీని గుడి తలుపునకు అంటించవలెను.